బొంత పొరల్లో దొరికిన చీర

క్రిందటి నెల ఈ శీర్షికలో రాగి బిందెల సంగతి వ్రాశాము. బిందెలున్నవారెవ్వరూ పలకలేదు గాని, కామాటిపుర నుండి ఒక సోదరి పెద్ద మూటను టాక్సీలో వేసుకొని మా యింటికి వచ్చింది. గుమ్మంలో నిలబడే, "అన్నా, మీరు పాత సామాన్ల గురించి రాస్తరు గదా. పాత బట్టలు గూడ చూస్తరా?" అని అడిగింది.

లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి సంగతి కనుక్కొన్నాము. వారుండే చాలు పడగొట్టి కొత్తది కడతారట. అరవై యేళ్ళకు పైగా ఒకే గదిలో కాపురం చేసిన యిల్లు. అటక మీద ఒక ఇనుప పెట్టె, ఆ పెట్టెలో అత్తగారి చీరలు నాలుగు, ఒక రుమాలు, ఒక బొంత. అత్తగారు పోయి చాలా కాలమైంది. పాత బట్టలకు గిన్నెలిచ్చే బాండీవాలీ వచ్చి, అన్నీ కలిపి ఇస్తే మూతతో సహా ఒక స్టీలు డబ్బా ఇస్తానన్నదట. రేపు మళ్ళీ వస్తుంది. ఇవ్వడమా, మానడమా? అదీ ప్రశ్న.

మేము వెంటనే "ఇవ్వవద్దు" అన్నాము. ఆ తొందరకు కారణం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాము. మా నాయనమ్మ కట్టిన ముదురు నీలి చీర ఒకటి మా యింట్లో చాలా కాలం ఉండేది. ఒక దీపావళికి ఇల్లు దులుపుతూ దానిని ఇచ్చివేసి ఒక స్టీలు గిన్నె పుచ్చుకొన్నాము. గిన్నె ఇప్పటికీ ఉంది, దానిలో పోపు సామాను పోసుకొంటున్నాము. చీర ఎక్కడిదో, ఏ వూరి నేతో, ఎందుకని ఆవిడ దానిని ప్రతి సంక్రాంతికీ బయటికి తీసి మళ్ళీ దాచేదో, ఆ రోజున అడిగినవారు లేరు, ఈ రోజున చెప్పేవారు లేరు.

ఇటువంటి బట్టలు మ్యూజియంలో ఉంటాయి గదా, మన పెట్టెల్లో లేకపోతే యేమి అని కొందరనవచ్చు. అక్కడే ఉంది చిక్కంతా. మ్యూజియంలో ఉన్న బట్టలు చాలావరకు దాచిపెట్టినవారి బట్టలు. పదిహేడో శతాబ్దంలో గోలకొండ రాజ్యంలో వ్రాసిన కలంకారీ రుమాళ్ళు కొన్ని ఈనాడు లండన్, న్యూయార్కు మ్యూజియాలలో ఉన్నాయి. వాటిలో కొన్ని జయపురం దగ్గరి ఆంబేరు రాజుల తోషఖానాలో ఉండేవి. అక్కడి లెక్కలు చూచే ఉద్యోగులు సరుకు సరిచూచి గుడ్డ వెనుక ముద్రలు వేశారు, తేదీలు వ్రాశారు. పండితులు ఆ రుమాళ్ళ వయస్సు కట్టడంలో ఆ గుమాస్తాల వ్రాతలు ఎంతో అక్కరకు వచ్చాయి. బట్ట నేసినవాని పేరు లేదు, అద్దకం చేసినవాని పేరు లేదు. బీరువా తాళంచెవి పట్టుకొన్నవాని గుర్తు మాత్రం ఉంది.

మరి మన పెద్దల బట్టల మాట? పద్ధెనిమిదో శతాబ్దం చివరినాటికే నిజాం ఇలాకా నుండి వచ్చి ఈ నగరానికి రోడ్లు వేసి, మట్టి మోసి, రాళ్ళు పేర్చినవారు కామాటీలు. వారి పేరనే కామాటిపుర వెలిసింది. బోరీబందరు ఎదుట 1893లో పూర్తయిన మునిసిపాలిటీ భవనాన్ని కట్టిన కంట్రాక్టరు వెంకూ బాలాజీ కాలేవారు మనవాడే. భవనం నిలిచి ఉంది. దాని రాళ్ళెత్తిన కూలివారి ధోవతి ఒక్కటి, వారి ఆడవారి రవిక ఒక్కటి మేమింతవరకు ఏ అద్దాల బీరువాలోనూ చూడలేదు. వింత యేమీ లేదు. పనివాని బట్ట పనిలోనే అరిగిపోతుంది. చీర చిరిగితే సగం పిల్లల పక్కగుడ్డలు, సగం పొయ్యి దగ్గరి మసిగుడ్డలు. మిగిలినది బొంత. అందుచేత మనవారి పాత బట్ట వెతకాలంటే బీరువాలో గాక బొంతలో వెతకాలి. ఈ మాట మాకు మూట విప్పిన తరువాతనే తట్టింది.

మూట విప్పే ముందు మేము ఇంకొకరిని పిలిపించాము. మా వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నాడు. కరీంనగర్ జిల్లా నుండి పదిహేనేళ్ళ వయస్సున వచ్చి, పరేలులో మిల్లు సాంచాల ఖాతాలో పనిచేసి, 1982 జనవరిలో మొదలైన సమ్మె తరువాత మళ్ళీ మిల్లు గేటు లోపల అడుగుపెట్టనివాడు. ఆ సమ్మెలో పని మానినవారు రెండు లక్షలకు పైబడి ఉండిరి, అందులో మన పద్మశాలీలు ఎందరో. తరువాత భీవండిలో సాంచాలు నడిపి కళ్ళు మందగించాయి. ఆయన్ను మేమంతా 'కాకా' అంటాము. వస్తూ వస్తూ జేబులో చిన్న మడతల అద్దం తెచ్చాడు. మిల్లుల్లో అంగుళానికి పోగులెన్నో లెక్కించే భూతద్దం అది. మిల్లు పోయినా అద్దం పోలేదు.

మొదట నాలుగు చీరలు చూచాము. రెండింటి గురించి చెప్పవలసినది తక్కువ. ఒకటి టెరికాటు. తెగి వ్రేలాడుతున్న పోగు ఒకటి తీసి కాకా అగ్గిపుల్ల చూపించాడు, అది కరిగి గట్టి నల్లపూసయి కూర్చున్నది. నూలైతే కాగితం కాలిన వాసన కొట్టి మెత్తని బూడిద అవుతుంది, పట్టయితే వెంట్రుకలు కాలిన కంపు. మన దేశంలో పాలియెస్టరు బట్ట బజారు కెక్కింది 1960ల తరువాతనే గనుక ఆ చీర వయస్సు అక్కడే తేలిపోయింది. ఇంకొకటి మిల్లు చీర. చివర మిల్లు ముద్ర సగం చెరిగి ఉంది. మూడో చీర ఇర్కల్ చీర, దాని సంగతి తరువాత చెబుతాము. నాలుగోది పెండ్లి పట్టు చీర, ఆ సోదరి దానిని ఎట్లాగూ ఇచ్చేది కాదు. రుమాలేమో మొన్న మొన్నటి అచ్చు గుడ్డ.

ఇక బొంత. నాలుగు మూలలా పోగులు ఊడి, మధ్యలో బెజ్జాలు పడి, చూస్తే ఎవరూ గిన్నె కూడా ఇవ్వరనిపించేటట్టు ఉంది. ఒక అంచున కుట్టు వదిలింది. ఆ సందులో నుండి ఎఱ్ఱని గుడ్డ కనబడింది. సోదరి అనుమతితో ఇంకొక జానెడు కుట్టు విప్పాము. పైన పూల అచ్చు చీర, దాని క్రింద తెల్లని ధోవతి, దాని క్రింద ఎఱుపు, నలుపు, తెలుపు గళ్ళు గల నూలు గుడ్డ. గళ్ళ అంచులు గీత గీసినట్టు లేవు, నీళ్ళలో సిరా కదలినట్టు కొంచెం చెదిరి ఉన్నాయి. నూనె వాసన కూడా గుప్పుమన్నది.

మా పాండిత్యం అప్పుడు ఆగలేదు. "ఇది తేలియా రుమాలు!" అన్నాము గట్టిగా. తేలియా రుమాలు గురించి మేము చదివి ఉన్నాము. చీరాలలోనూ, నల్లగొండ ప్రాంతంలోని పుట్టపాకలోనూ నేసేవారు. నేయకముందే నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానవేసి పిసికి ఆరబెడతారు. ఎఱుపు బాగా పట్టడానికి అది ఉపాయం. ఆ నూనె వాసన బట్టను వదలదు, పేరు కూడా దాని మూలంగానే వచ్చింది. తరువాత పడుగునూ పేకనూ కూడా లెక్కప్రకారం ముడులు కట్టి అద్ది, రెండూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చొనేటట్టు నేస్తారు. అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఓడల మీద ఎగుమతి అయిన సరుకు. హైదరాబాదు నవాబుల ఇళ్ళలో స్త్రీలు దుపట్టాగా వేసుకొనేవారు, సముద్రపు ఒడ్డున జాలరులు లుంగీగా కట్టేవారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎఱుపు, నలుపు, తెలుపు, చెదిరిన అంచులు, నూనె వాసన. ఇంకేమి కావాలి?

సోదరి నోటికి కొంగడ్డం పెట్టుకొని నవ్వింది. "మా అత్త రోజు తలకు ఆముదం పెట్టుకునేది అన్నా. ముప్పై యేండ్లు ఆ బొంత మీదనే పండింది."

కాకా ఏమీ అనలేదు. అద్దం తెరిచి గుడ్డ మీద పెట్టి చాలాసేపు చూచాడు. తరువాత నిదానంగా, "సగం నిజమే సారూ. చిటికి పనే. కానీ పేకలనే ఉన్నది, పడుగుల లేదు. రుమాలు గాదు, చీర కొంగు. సూడుండ్రి, గీడ కుచ్చులు గట్టిన గుర్తు," అన్నాడు.

మేము చూచాము. నిజమే. చిటికి అంటే ఈ రోజుల్లో ఊరూరా ఇక్కత్ అంటున్నారే, అదే. అచ్చు గుడ్డకూ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. అచ్చు గుడ్డను తిరగవేస్తే వెనుక రంగు వెలసినట్టుంటుంది, రేఖలు మాత్రం పదునుగా ఉంటాయి. చిటికి బట్ట రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, రేఖలు చెదిరి ఉంటాయి. పేకలో మాత్రమే రంగు మారిందా, పడుగులో కూడానా అన్నది అద్దం పెట్టి ఒక్కొక్క పోగును వెంబడించితే గాని తెలియదు. మేము వెంబడించలేదు. పుస్తకంలో చదివిన పేరు ముందు నోటికి వచ్చింది, కన్ను తరువాత వచ్చింది. పెద్ద పెద్ద మ్యూజియాలలో కూడా చీటీల మీద ఇటువంటి పొరపాట్లు పడి, తరువాతివారు దిద్దుకోవడం ఉన్నదే. దానితో కొంచెం ఊరట చెందాము.

"ఇది మగ్గం బట్టేనా కాకా?" అని అడిగాము. అంచు పొడుగునా సన్నని సూదిగుంటలు కనబడ్డాయి. వెడల్పు బిగబట్టే బద్ద మొనలు దిగిన చోటులవి. చేనేతకు అదే ఋజువని ఎక్కడో చదివాము. కాకా తల అడ్డంగా ఊపాడు. సాంచా మీద కూడా అంచులను బిగబట్టే ముళ్ళ చక్రాలుంటాయట, అవి కూడా గుంటలు చేస్తాయట. "గుంటల్ని నమ్మద్దు. పేకను నమ్ముండ్రి," అన్నాడు. అద్దాన్ని గుడ్డ మీద జరుపుతూ నాలుగు చోట్ల పేక పోగులు మాతో లెక్కపెట్టించాడు. నాలుగు చోట్లా నాలుగు లెక్కలు వచ్చాయి. సాంచా ఐతే ఒకే దెబ్బ, ఒకే లెక్క. మనిషి చెయ్యి మాత్రం ప్రొద్దున ఒకలాగ, సాయంకాలం ఒకలాగ కొడుతుంది. నేతగాడు పొద్దువాలి అలసిన చోటు ఏదో గుడ్డలో కనబడుతుందన్నమాట. ఈ సంగతి చెబుతూ కాకా ముఖం మరోవైపు త్రిప్పుకొన్నాడు. ఆయన తండ్రి ఊళ్ళో గుంట మగ్గం మీద నేసేవాడని మాకు తెలుసు.

ఇక వయస్సు. బట్ట వయస్సు కట్టేవారికి ఒక నియమం ఉంది. బట్టలో అన్నిటికంటె క్రొత్తగా పుట్టిన వస్తువేదో దానికంటె ఆ బట్ట పాతది కాజాలదు. ఊదా రంగు కొట్టవచ్చినట్టు మెరుస్తూ కనబడితే అది 1856 తరువాతిది కావచ్చునని చూస్తారు, ఎందుకంటే ఇంగ్లీషువాడు పెర్కిన్ తారు నుండి మొదటి కృత్రిమపు రంగు తీసింది ఆ సంవత్సరమే. మన చిరివేరు ఎఱుపుకు పోటీగా అలిజరిన్ను ప్రయోగశాలలో చేసింది 1868లో. నీలిమందుకు బదులు కృత్రిమపు నీలి బజారుకు వచ్చింది 1897లో. ఇవన్నీ కంటితో తేలేవి కావు, రసాయన పరీక్ష కావాలి. కాని బొమ్మలు కంటితోనే తేలుతాయి. కొన్ని తేలియా రుమాళ్ళ మీద సింహాలు, ఏనుగులతో పాటు గడియారాలు, విమానాలు కూడా నేశారు. విమానం నేసిన రుమాలును తాతముత్తాతల నాటిదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. నేతగాడు ఆకాశంలో దానిని చూచి గాని, పటంలో చూచి గాని ఉండాలి గదా.

మన బొంతకు ఈ నియమం వర్తింపజేయడం కొంచెం తమాషా. పై పొరలో పాలియెస్టరు దారంతో మాసికలున్నాయి. మరి బొంత క్రొత్తదా? మాసిక క్రొత్తది. పూల చీర దానికంటె పాతది. ధోవతి దానికంటె పాతది. అన్నిటికంటె లోపల, చలికి ఒంటికి తగలకుండా, అరుగుదల లేకుండా దాగినది మిక్కిలి పాతది. చిరిగినప్పుడల్లా పైన ఇంకొక పొర వేసి కుట్టుకొంటూ పోయారు. అత్తగారికి తెలియకుండానే ఆవిడ ఆ యింటి చరిత్రను క్రింది నుండి పైకి వ్రాసింది.

చీర ఎక్కడిది? ఇక్కడ బట్ట నోరు మూసుకొన్నది. చిటికి పని తెలంగాణాలో ఉంది, ఒరిస్సాలో ఉంది, గుజరాతులోనూ ఉంది. పోచంపల్లి పేరు ఇప్పుడు ఊరూరా తెలిసినది గనుక చాలామంది కళ్ళు మూసుకొని పోచంపల్లి అనేస్తారు. కాకా మాత్రం "చెప్పరాదు" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద మా గౌరవం రెట్టింపయింది.

అప్పుడు మేము అడగవలసిన మనిషిని అడిగాము. "అమ్మా, మీ అత్తగారు దీనిని ఏమనేది?"

సోదరి కాసేపు ఆలోచించింది. "ఊరి చీర అనేది," అన్నది. "బొంత మడత పెట్టేటప్పుడు నా ఊరి చీర లోపలున్నది, మెల్లగ పట్టు అనేది. నేను ఏదో అంటుందనుకున్న. పెండ్లయి రైలెక్కి బొంబాయి వచ్చిన రోజు కట్టుకొచ్చిన చీరనట. వాళ్ళ అమ్మగారి ఊరు జగిత్యాల దిక్కు. దాని మీద గోచి పెట్టుకొని, పిల్లను సంకలేసుకొని, ఈడ ఇటుకలు మోసిందట."

కాకా వెంటనే గుడ్డ మరి కొంచెం లాగి చూపించాడు. కొంగుకు చాలా దూరంగా, చీర నడిమి భాగంలో ఒక చోట పోగులు పలుచబడి ఉన్నాయి. గోచి వెనుకకు తీసి దోపుకొనే చోట అట్లా అరుగుతుందట. మేము చూచి ఉంటే మామూలు చిరుగనుకొనేవాళ్ళము. ఆ ఒక్క మాట విన్న తరువాత అది ఒక స్త్రీ వంగి లేచి పనిచేసిన గుర్తుగా మారింది. మ్యూజియం బీరువాలోని రాజుగారి అంగరఖాకు లేనిది దీనికి ఉన్నది ఇదే.

ఇప్పుడు ఇర్కల్ చీర సంగతి. అది తొమ్మిది గజాల చీర. ఈ నగరంలోని ఏ మ్యూజియం ఉద్యోగి చూచినా మహారాష్ట్ర స్త్రీ కట్టిన చీర అని చీటీ వ్రాస్తాడు, అతని తప్పు కాదు. చీర కర్ణాటకలోని ఇల్కల్ నుండి వచ్చింది, మరాఠీ స్త్రీలు కట్టారు, కామాటిపురలో మన స్త్రీలూ కట్టారు. గోచి పోయడం మన తెలంగాణా ఆడవారికి మరాఠీ ఇరుగుపొరుగు నేర్పినది కాదు, ఊళ్ళో కూడా అట్లాగే కట్టేవారు. ఇద్దరూ ఒకే గల్లీలో ఒకే కుళాయి దగ్గర నిలబడితే చీర చూచి ఎవరెవరో చెప్పడం కష్టం. చీర మీద మనిషి పేరు లేకపోతే చీర ఎవరిదైనా అయిపోతుంది.

ఈ విషయంలో పెద్దలు ఎంత శ్రమపడ్డారో తలచుకొంటే ఆశ్చర్యం వేస్తుంది. మన నగరంలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంకు, అనగా 1922లో తెరిచి, 1998లో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం అని పేరు మార్చినదానికి, డైరెక్టరుగా ఉండిన డాక్టర్ మోతీచంద్రగారు 1950లో ప్రాచీన భారతీయుల వేషభూషల మీద హిందీలో పెద్ద గ్రంథం వ్రాశారు. అంత పాత బట్టలు మన వాతావరణంలో నిలవవు గదా! ఆయన శిల్పాల మీది మడతలు, చిత్రాల మీది అంచులు, కావ్యాలలోని మాటలు కలిపి చదివి బట్టను ఊహించారు. ఉన్న బట్టను చేతిలో పెట్టుకొని కూడా మనం చదవడం లేదు.

బైకుల్లాలో రాణీబాగు ఆవరణలో ఇంకొక మ్యూజియం ఉంది, 1872లో తెరిచినది, ఇప్పుడు డాక్టర్ భావుదాజీ లాడ్ పేరున ఉన్నది. కామాటిపుర నుండి నడిచిపోవచ్చు. అక్కడ ఈ నగరపు రకరకాల జనుల మట్టిబొమ్మలు, తలపాగాల తీరులు ఉన్నాయి. చూడవలసినవే. కాని మట్టిబొమ్మ చేసినవాడు ఒక కులానికి ఒక బొమ్మ చేస్తాడు. ఒకే మనిషికి పనిలో ఒక బట్ట, పెండ్లిలో ఒక బట్ట ఉంటుందని బొమ్మ చెప్పదు. ఫోటోల సంగతీ అంతే. విలియం జాన్సన్ అనే ఆయన బొంబాయి జనుల ఫోటోలతో 1863లోనూ 1866లోనూ రెండు సంపుటాలు వేశాడు. అందులో మనుషులను ఒక చోట ఫోటో తీసి, కత్తిరించి, వేరే దృశ్యం మీద అంటించినవి ఉన్నాయి. అందాకా ఎందుకు? మా తాతగారు కోటు వేసుకొన్న ఫోటో మా గోడ మీద ఉంది. ఆ కోటు స్టూడియోవారిది. చేతి గడియారం కూడా వారిదే. తాతగారి స్వంతం చెప్పులు మాత్రమే, అవి ఫోటోలో పడలేదు.

మరొక పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాము. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే దొర ఇండియా బట్టల నమూనాలు ఏడు వందలు కత్తిరించి పద్ధెనిమిది సంపుటాలలో అంటించాడు. అటువంటి సెట్లు ఇరవై తయారుచేసి, పదమూడు ఇంగ్లండులో ఉంచి ఏడు ఇండియాకు పంపాడు. ఒక్కొక్క ముక్క ప్రక్కన అది తలపాగాయా, ధోవతియా, చీరా అని, పొడవెంత, బరువెంత, ఎక్కడిది అని వ్రాశాడు. దేనికి? మాంచెస్టరు మిల్లులవారు చూచి అటువంటిది నేసి మనకే అమ్ముకోవడానికి. నేతగాని పొట్ట కొట్టడానికి చేసిన పుస్తకం నేతగాని పనికి సాక్ష్యమై కూర్చున్నది. ఐనా జానెడు ముక్కను చూచి చీర ఒంటి మీద ఎట్లా నిలిచిందో తెలియదు, ఎవరు కట్టారో తెలియదు. 'ఊరి చీర' అన్న మాట ఆ పద్ధెనిమిది సంపుటాలలో దొరకదు.

వర్లీలో బి.డి.డి. చాళ్ళు కూడా ఒక్కొక్కటిగా పోతున్నాయి. నూట అరవై చదరపుటడుగుల గదులలోని అటకలు ఖాళీ అవుతున్నాయి. కాలాచౌకీలో పాత మిల్లు స్థలంలో నగరపాలకవారు వస్త్రాల మ్యూజియం ఒకటి తలపెట్టారు. అందులో సాంచాల సంగతి ఉంటుంది సరే, సాంచా నడిపినవాని యింట్లో అతని భార్య ఏమి కట్టుకొన్నది అని ఎవరైనా అడిగితే మనమేమి చూపిస్తాము?

ఆ సోదరికి మేము చెప్పినవి, మీకూ ఉపయోగపడతాయని వ్రాస్తున్నాము. ఉతకవద్దు, మరక కూడా సాక్ష్యమే. ప్లాస్టిక్ సంచిలో మూయవద్దు, మన వానాకాలపు చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. వార్తాపత్రికలో చుట్టవద్దు, సిరా అంటుతుంది. గంజి లేని, బాగా ఉతికిన తెల్లని పాత నూలు గుడ్డలో చుట్టి, ఆరు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి, ఒకే మడత మీద ఉంటే పోగులు అక్కడే తెగుతాయి. వేపాకు పెట్టదలిస్తే విడిగా మూట కట్టి పెట్టాలి. గుండుసూది గుచ్చవద్దు, తుప్పు పట్టి బెజ్జం చేస్తుంది. ఎవరు కట్టారు, ఏ వూరి నుండి వచ్చింది, ఇంట్లో దానిని ఏమని పిలిచేవారు, ఈ మూడూ ఒక నూలు పట్టీ మీద వ్రాసి ఒక మూల వదులుగా కుట్టాలి. మ్యూజియానికి ఇచ్చినా, ఇంట్లోనే ఉంచినా సరే. ఇంట్లో పెద్దవారు ఉన్నంతలోనే అడగాలి. మాకు చేతకానిది అదే.

మరునాడు బాండీవాలీ వచ్చినప్పుడు మేము కూడా అక్కడే ఉన్నాము. సోదరి ఆమెకు టెరికాటు చీర, రుమాలు ఇచ్చింది. డబ్బా రాలేదు, ఒక చిన్న గ్లాసు వచ్చింది. బొంతను మేము విప్పిన మేర మళ్ళీ కుట్టుకొన్నది, ఒక మూల మాత్రం జానెడు వదిలింది, ఎవరైనా చూడదలిస్తే కనబడాలని. పట్టీ మీద వ్రాసే పని ఆమె మనుమడికి అప్పగించాము. కుర్రవాడు పదో తరగతి, మరాఠీ బడి. తెలుగు బాగానే మాట్లాడతాడు గాని వ్రాయడం రాదు. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు, 'ఊరి చీర, జగిత్యాల దిక్కు' అని పెన్సిలుతో దేవనాగరి అక్షరాలలో వ్రాశాడు. పట్టీలో ఇంకా చోటుంది. దాని క్రిందనే మేము తెలుగులో వ్రాశాము.